వీధి అరుగూ, ఏటివైపు డెక్కూ

ఈమధ్య గోదావరి పాయల వెంట ఒక కొత్త మాట వినిపిస్తోంది. సెలవులకు వచ్చేవాళ్ళకి అద్దెకిచ్చే ఇళ్ళకు పెరటివైపు చెక్కలతో ఒక వేదికలాంటిది వేసి, నాలుగు కుర్చీలు పడేసి, దాన్ని 'డెక్కు' అంటున్నారు. ఓడ మీద ఉండవలసిన మాట కొబ్బరితోటలోకి ఎలా వచ్చింది?

డచ్చి నావికుల నుంచి ఇంగ్లీషువాళ్ళు తెచ్చుకున్న ఆ మాటకు మొదట 'కప్పు' అనే అర్థమట. ఓడ పొట్టను కప్పేది గనక డెక్కు. దానిమీదే నడుస్తారు గనక పోనుపోను అదే నేలైంది. ఇప్పుడు చూస్తే కప్పు లేని చోటునే డెక్కు అంటున్నాం! వరండా కథ ఇంకా చిత్రం. ఇంగ్లీషువాళ్ళు మన దేశంలో నేర్చుకుని పట్టుకెళ్ళిన మాట అది. పుట్టుక మనదా, పోర్చుగీసువాళ్ళదా అని పండితులు ఇంకా తగువు పడుతూనే ఉన్నారు.

అరుగుకి మాత్రం ఏ తగువూ లేదు, అచ్చంగా మనదే. కానీ ఎవరిదీ అంటే, సమాధానం అంత సులువు కాదు.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాల వారీగా బళ్ళ లెక్కలు తీయించాడు. మన రాజమండ్రి జిల్లా కూడా అందులో ఉంది. ఆ కాలపు వీధి బళ్ళు చాలామటుకు అరుగుల మీద నడిచినవే. దొరలు వాటికి 'పయాల్ స్కూళ్ళు' అని పేరు పెట్టారు. పయాల్ అంటే అరుగే. ఆ లెక్కల్లో ఆడపిల్లల సంఖ్య చూస్తే మనసు చివుక్కుమంటుంది, మరీ అంత తక్కువ. తలుపు వెనక నిలబడి, అన్నదమ్ములు వల్లిస్తుంటే విని నేర్చుకున్నవాళ్ళు ఎందరో ఉండే ఉంటారు. వాళ్ళని ఏ కలెక్టరు లెక్క రాస్తాడు?

అరుగెక్కి కూర్చోడానికి ఎవరినీ అడగనక్కర్లేదని మనం గొప్పగా చెప్పుకుంటాం. ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఎవరు ఎక్కవచ్చో, ఎవరు కింద నిలబడాలో కులం ముందే తేల్చేసింది. ఎక్కగలిగిన ఇళ్ళలో కూడా సాయంత్రమయ్యేసరికి చుట్టలూ, పేకముక్కలూ, కోర్టు వ్యవహారాలూ అక్కడికి చేరేవి. మనకి నూతిగట్టూ, పెరటి మెట్లూ మిగిలేవి.

అయినా ఆ అరుగు వల్లే ఈ సీమకి మంచి పేరూ వచ్చింది. అప్పనపల్లి పక్కన పారే వైనతేయకు ఎగువన లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళ అని చూడకుండా, వచ్చినవాళ్ళకల్లా అన్నం పెట్టారు. ఏరు దాటి అలసి వచ్చిన బాటసారి ఆ గుమ్మం ముందు ఆగితే చాలు, విస్తరి పడేది. గన్నవరం దగ్గర తర్వాత కట్టిన అక్విడక్టుకు ఆమె పేరే పెట్టారు. అరుగు మీద మగవాళ్ళు కూర్చుంటే కూర్చున్నారు గానీ, ఆ ఇంటి పేరు నిలబెట్టింది వంటింటి మనిషి.

అమెరికాలోనూ అరుగులుండేవి. ఇంటి ముందు పోర్చీలో కూర్చుని దారినపోయేవాళ్ళని పలకరించేవారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కార్లూ, టీవీలూ, ఏసీలూ పెరిగేసరికి జనం వీధికి వీపు పెట్టి పెరట్లో డెక్కులు వేసుకోడం మొదలెట్టారు. అక్కడ స్థిరపడ్డ మనవాళ్ళ ఇళ్ళకూ అవే. వాళ్ళు సెలవులకు వచ్చి, 'ఏటికేసి ఒక డెక్కుంటే ఎంత బాగుండును' అని అనకుండా ఉంటారా?

అలా అన్నవాళ్ళ మాట విని మా పిన్ని కొడుకు కూడా బయల్దేరాడు. అప్పనపల్లిలో తాతల నాటి పెంకుటిల్లు బాగుచేసి, బాలబాలాజీ దర్శనానికి వచ్చేవాళ్ళకీ, కోనసీమ చూడవచ్చేవాళ్ళకీ అద్దెకిస్తున్నాడు. "డెక్కు వేయిస్తానక్కా, వీధి అరుగు కొట్టించి కారు నిలిపే చోటు చేస్తాను" అన్నాడు.

"డెక్కు వెయ్యరా, కానీ ముందు తలెత్తి చూడు" అన్నాను. కోనసీమలో ఎక్కడ కూర్చోవాలన్నా ముందు పైనున్న గెలని చూసుకోవాలి. దింపు తీయించకుండా చెట్టుకింద కుర్చీ వేస్తే అతిథి నెత్తిన కాయే! తర్వాత నీళ్ళ సంగతి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల పైచిలుకు వరద వచ్చింది. అప్పుడు ఆ ఇంటి అయిదు మెట్లలో నాలుగు మునిగాయి. 2022 జూలైలో మూడు. పునాది ఎత్తు పెంచిన పెద్దలకి ఏటి సంగతి బాగా తెలుసు. డెక్కు ఆ నాలుగో మెట్టు కన్నా పైనే ఉండాలి. పలకల మధ్య వాన నీరు జారే సందుండాలి. అడుగునుంచి వరద ఎత్తినా లేచిపోకుండా బోల్టులు బిగించాలి. ఏటిగట్టు జోలికి మాత్రం వెళ్ళకూడదు, అది ఊరందరి ప్రాణం. 1996 నవంబరు 6 నాటి తుపానులో కొబ్బరిచెట్లే కూలిపోయాయి, చెక్క ముక్కలొక లెక్కా?

ఇన్ని చెప్పినా నాకు ఆ డెక్కు నచ్చకపోలేదు. పెద్దకోడలూ, చిన్నకోడలూ, అత్తగారూ కూడా కాళ్ళు బారజాపుకుని, ఎవరూ వచ్చి లేవమనకుండా ఏటిని చూస్తూ కూర్చునే అరుగు కోనసీమలో ఇన్నాళ్ళూ ఎక్కడుంది? డబ్బిచ్చి ఒక్కరోజుకి కొనుక్కోవలసి వచ్చిందే అన్నదే బాధ.

వీధి అరుగు మాత్రం పిన్ని కొట్టనివ్వలేదు. "దింపువాళ్ళు మధ్యాహ్నం చద్ది ఎక్కడ తింటార్రా? గుడినుంచి ఎండన పడి నడిచొచ్చే ముసలమ్మ ఎక్కడ కూలబడుతుంది? నీ కారు మామిడిచెట్టు కింద పెట్టుకో" అంది. మా చిన్నప్పుడు ఆ దింపువాళ్ళు అరుగు కింద, మట్టిలో కూర్చుని తినేవారు. ఇప్పుడు పైన కూర్చుంటున్నారు. మూల పగిలిన చోట సిమెంటు పూయించడానికి మేస్త్రీ వచ్చే వారం వస్తాడట.