పటకెట్ నారుమడికి యాభై పంటలు

అమెరికాలో బట్టల మిల్లులకు పుట్టినిల్లు రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని పటకెట్. శామ్యూల్ స్లేటర్ 1793లో నీటిబలంతో నడిచే నూలుమిల్లు పెట్టింది ఇక్కడే. ఆ మిల్లుల వైభవం పోయాక ఊరి పేరు నిలబెట్టింది బేస్‌బాల్ జట్టు పటకెట్ రెడ్ సాక్స్. ఊరివాళ్ల నోట అది ‘పాసాక్స్’. 1970 నుంచి 2019 దాకా యాభై సీజన్లు ఆడింది.

మైనర్ లీగ్ జట్టంటే నారుమడి. ఏపుగా ఎదిగిన ఆటగాణ్ణి పైస్థాయి జట్టైన బోస్టన్ రెడ్ సాక్స్ తీసుకెళ్లి తన పొలంలో నాటుకుంటుంది. జిమ్ రైస్, వేడ్ బాగ్స్ అలా వెళ్లినవాళ్లే. నచ్చిన కుర్రాడు వచ్చే ఏడు ఉంటాడన్న నమ్మకం లేని ఆటకు జనం ఎందుకొస్తారు?

మొదట్లో రాలేదు కూడా. జట్టు దివాలా తీసింది. బట్టల వ్యాపారం నుంచి తప్పుకున్న బెన్ మోండార్ 1977లో దాన్ని కొన్నాడు. ఆ ఏడాది మొత్తమ్మీద వచ్చినవాళ్లు సుమారు 70 వేలు. జట్టు ఆడే మెకాయ్ స్టేడియాన్ని ఆయన బాగుచేయించి, టికెట్ ధర సామాన్యుడికి అందుబాటులో ఉంచాడు. 2005లో ఆ లెక్క 6,88,421కి చేరింది. అక్కడ ఆటగాళ్లు కూర్చునే చోటు ప్రేక్షకుల కాళ్లకిందే ఉండేది. పిల్లలు పాలడబ్బాను కోసి, అందులో బంతీ పెన్నూ వేసి, తాడుతో కిందికి వదిలితే సంతకంతో పైకొచ్చేది.

అదే మెకాయ్‌లో 1981 ఏప్రిల్ 18 రాత్రి రోచెస్టర్ జట్టుతో మొదలైన ఆట తెల్లవారుజామున 4:07 దాకా సాగింది. రాత్రి 12:50 దాటాక కొత్త ఇన్నింగ్స్ మొదలెట్టకూడదన్న నిబంధన అంపైర్ల దగ్గరున్న ప్రతిలో లేదు. చలికి ఆటగాళ్లు విరిగిన బ్యాట్లు మంటేసుకున్నారు. 32 ఇన్నింగ్స్ తర్వాత ఆట ఆపేసరికి మిగిలిన ప్రేక్షకులు 19 మంది. జూన్ 23న కొనసాగిస్తే 18 నిమిషాల్లో, 33వ ఇన్నింగ్స్‌లో, పాసాక్స్ 3-2తో గెలిచింది. ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో ఇంత సుదీర్ఘమైన ఆట మరొకటి లేదు.

మోండార్ 2010లో పోయాడు. 2015లో జట్టు చేతులు మారింది. కొత్త యజమానులు కొత్త స్టేడియం అడిగారు, బేరం కుదరలేదు. 2021 నుంచి జట్టు మసాచుసెట్స్‌లోని వూస్టర్‌ది. వీడ్కోలు సీజన్ కావలసిన 2020 కోవిడ్‌తో రద్దయింది. మెకాయ్ స్థలంలో హైస్కూలు కట్టడానికి 2022లో ఓటర్లు సరేనన్నారు. పాత స్టేడియంలోనే ఆరు లక్షలమందిని రప్పించిన ఊరికి కొత్తది కట్టలేదన్న నెపంతో జట్టును దూరం చేయడం అన్యాయమే.