మేనరికం చాటున మరుగైన చెవుడు

అనంతపురం సీమలో బిడ్డకు మాట రాలేదంటే జవాబు సిద్ధంగా ఉంటుంది: మేనరికం. అందులో నిజం లేకపోలేదు. కానీ ఆ ఒక్క మాటతో విచారణ ముగించడం వల్ల, పుట్టగానే గాజుపెట్టెలో ప్రాణాలతో పోరాడిన పిల్లల సంగతి మరుగున పడిపోయింది.

పసికందుల వినికిడి పరీక్ష చరిత్రలో తొలి ఘట్టాలు తెలిసినవే. 1964లో డెన్వర్‌లో మారియన్ డౌన్స్ శబ్దం చేసి పసికందుల కదలికలు గమనించింది. 1978లో డేవిడ్ కెంప్ లోచెవి నుంచి తిరిగివచ్చే సన్నని ధ్వనిని పట్టుకున్నాడు. ఓఏఈ (ఓటోఅకౌస్టిక్ ఎమిషన్స్) పరీక్షకు అదే పునాది.

చిక్కంతా ఇక్కడే. కామెర్లు ముదిరితే బిలిరుబిన్ వినికిడి నాడినీ, మెదడు కాండంలోని వినికిడి కేంద్రాలనూ దెబ్బతీస్తుంది. లోచెవి మాత్రం బాగానే ఉండవచ్చు. అప్పుడు ఓఏఈ 'పాస్' అంటుంది, బిడ్డకు మాట అందదు. అందుకే అమెరికాలోని శిశు వినికిడి సంయుక్త కమిటీ 2007లో, ఐదు రోజులకు మించి ఇంటెన్సివ్ కేర్‌లో ఉన్న శిశువులకు నాడి స్పందన చూసే ఏబీఆర్ చేయాలని చెప్పింది. రక్తమార్పిడి దాకా వెళ్లిన కామెర్లు, వెంటిలేటర్, జెంటామైసిన్ వంటి మందులు, మెనింజైటిస్‌ను ప్రమాద సూచికల్లో చేర్చింది. అలాగని జెంటామైసిన్‌నే దోషిగా నిలబెట్టలేం. ఆ మందు ఎన్నో ప్రాణాలు నిలిపింది. పైగా తక్కువ బరువు, ఇన్ఫెక్షన్, ఊపిరందకపోవడం తరచూ ఒకే బిడ్డలో కలిసి వస్తాయి. దేని వాటా ఎంతో విడదీయడం కష్టం. తల్లిదండ్రులది మేనరికమైనా ఆ బిడ్డకు ఈ ముప్పులేవీ తగ్గవు.

2007లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఆ పథకంలోకి కాక్లియర్ ఇంప్లాంట్ కూడా వచ్చింది. 2013 నాటి జాతీయ బాలల ఆరోగ్య పథకం ఆర్‌బీఎస్‌కే పుట్టుచెవుడును తన జాబితాలో చేర్చింది. ఇవి మేలే. అయినా శస్త్రచికిత్సకు దక్కిన ప్రాధాన్యం డిశ్చార్జి నాటి పరీక్షకు దక్కలేదన్నది నా అభిప్రాయం. ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వంటి సంస్థలు వినికిడి లేని పిల్లలకు బడులు నడపడం గొప్ప సేవే; కానీ బిడ్డ బడి గడప తొక్కేసరికి మాట నేర్చే తొలి ఏళ్లు గడిచిపోతాయి. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లో నిర్ధారణ, ఆరు నెలల్లో చికిత్స అన్నది అంతర్జాతీయ నియమం. వానలు లేక బెంగుళూరుకు వలసపోయే కుటుంబాన్ని 'మళ్లీ తీసుకురండి' అంటే ఎలా వస్తుంది? వైద్యులారా, ఇంటికి పంపే ముందే ఏబీఆర్ చేయండి. తల్లులారా, డిశ్చార్జి కాగితంలో ఆ ఫలితం ఉందో లేదో అడిగి చూసుకోండి.