ఒక్క కైటు చాలదా?

గాలిపటం అనగానే మనకి సంక్రాంతి, మాంజా, డాబా మీద కేకలు గుర్తొస్తాయి. నేను చెప్పబోయే గాలిపటం మాత్రం పన్నెండు చదరపు మీటర్లుంటుంది, కొత్తదైతే వెయ్యి డాలర్ల పైమాటే, తెగితే పరిగెత్తి పట్టుకునే పిల్లలెవరూ ఉండరు. మనిషి నడుముకి పట్టీ కట్టుకుని, కాళ్ల కింద బోర్డు పెట్టుకుని, ఈ గాలిపటం లాగుతుంటే నీళ్ల మీద దూసుకుపోతాడు. దాన్నే కైట్‌బోర్డింగ్ అంటారు. బే ఏరియాలో ఉన్నవాళ్లు వేసవి సాయంత్రం శాన్ మాటియో బ్రిడ్జి దాటుతూ ఫాస్టర్ సిటీ ఒడ్డు వైపు చూస్తే, రంగురంగుల నెలవంకలు గాల్లో తిరుగుతూ కనిపిస్తాయి. అవే.

మన ఐటీ జనాల్లో ఈ పిచ్చి కొంచెం కొంచెంగా పెరుగుతోంది. సిలికాన్ వ్యాలీలో ఇది చాలాకాలంగా ఉన్నదే. గూగుల్ పెట్టిన ఇద్దరూ, లారీ పేజ్, సెర్గీ బ్రిన్, దీని అభిమానులే. బిల్ టై అనే పెట్టుబడిదారుడి దృష్టిలో పడటానికి కాన్వా పెట్టిన మెలనీ పెర్కిన్స్ ఏకంగా కైట్‌సర్ఫింగ్ నేర్చుకుంది. (మనం ఇంక్రిమెంటు కోసం మేనేజరుతో బ్యాడ్మింటన్ ఆడటం లేదూ, అలాగన్నమాట.) సరే, కొత్తగా దిగేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "అన్నిటికీ పనికొచ్చే కైటు ఒకటి చెప్పు, కొనేస్తా." షాపువాడు 'ఆల్‌రౌండ్' అని రాసున్నది చూపిస్తాడు. ఆ మాట వెనక ఎంత కథ ఉందో వాడు చెప్పడు. నన్నడిగితే ఆ మాటకి నిజంగా తగిన కైటు 2005కి ముందు లేదు. అదెందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

గాలిపటంతో బండి లాగించడం కొత్త ఆలోచనేం కాదు. ఇంగ్లండులో బ్రిస్టల్ ఊళ్లో జార్జ్ పోకాక్ అనే బడిపంతులు 1826లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. బండి పేరు చార్‌వోలాంట్. గుర్రాల్లేవు, రెండు గాలిపటాలు లాగుతాయి. అప్పట్లో రోడ్డు సుంకం గుర్రాల లెక్కన వసూలు చేసేవారు కాబట్టి ఈయన దగ్గర ఏం తీసుకోవాలో టోల్ గేటువాళ్లకి తెలిసేది కాదట :) క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్లకి ఇంకో ముక్క: ఈ పోకాక్ గారి కూతురు మార్తా కొడుకే డబ్ల్యూ. జి. గ్రేస్. మనకి ముఖ్యమైన సంగతి ఏంటంటే, పోకాక్ తన పటాలని నాలుగు తాళ్లతో అదుపు చేశాడు. ఆ నాలుగు తాళ్ల సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి.

తర్వాత 1903లో శామ్యూల్ కోడీ అనే ఆయన పటాలు కట్టిన చిన్న పడవలో ఇంగ్లిష్ ఛానల్ దాటాడు. 1948లో రొగాలో దంపతులు బిగువైన చట్రం లేని మెత్తటి రెక్కకి పేటెంటు వేశారు. 1960ల్లో డొమినా జాల్బర్ట్ గాలి నింపుకునే గుడ్డ రెక్క, పారాఫాయిల్, తయారుచేశాడు. 1977లో పాన్‌హౌస్ అనే డచ్చాయన, పారాచూట్ లాంటిది లాగుతుంటే బోర్డు మీద వెళ్లే ఆటకి పేటెంటు తీసుకున్నాడు. అంటే కైట్‌బోర్డింగ్‌కి కావలసిన సరుకంతా అప్పటికే ఉంది. మరి ఆట ఎందుకు మొదలవలేదు?

ఒక్కటే అడ్డం. పటం నీళ్లలో పడితే మళ్లీ లేవదు.

మన పతంగి చెరువులో పడితే ఏమవుతుందో తెలిసిందే కదా. ఒడ్డుకి అరకిలోమీటరు దూరంలో పటం పడితే అక్కడితో ఆట అయిపోయినట్టే, ఈదుకుంటూ రావాలి. ఈ అడ్డాన్ని ఇద్దరు ఇద్దరుగా రెండు వేరే దారుల్లో దాటారు, ఈ కథలో నాకు బాగా నచ్చే భాగం ఇదే.

మొదటి జంట అమెరికాలో తండ్రీకొడుకులు. తండ్రి బిల్ రోస్లర్ బోయింగ్‌లో ఏరోడైనమిక్స్ ఇంజినీరు, కొడుకు కోరీ. వీళ్లది బిగువైన చట్రం ఉన్న త్రికోణం పటం. పడిపోతే, చేతిలో ఉన్న బారులోనే మన చరఖాలాంటిది ఉంటుంది, తాడు మొత్తం చుట్టేసి, పటాన్ని దగ్గరికి లాక్కుని, మళ్లీ వదలాలి. కైట్‌స్కీ పేరుతో 1994లో అమ్మకానికి పెట్టారు. పని చేసింది. కానీ బరువు, మెకానికల్ భాగాలు, ఖర్చు.

రెండో జంట ఫ్రాన్స్‌లో బ్రిటనీ తీరంలో పెరిగిన అన్నదమ్ములు, డొమినిక్, బ్రూనో లెగెన్యూ. పడవల మీద పెరిగినవాళ్లు. వీళ్లు సమస్యని తిరగేశారు. పడ్డాక ఎలా లేపాలి అని కాకుండా, పడినా మునగకుండా ఎలా ఉండాలి అని చూశారు. పటం ముందు అంచుకి లావుపాటి గాలి గొట్టం, దానికి అడ్డంగా సన్నటి గొట్టాలు, పంపుతో నింపేయడమే. మొత్తం విల్లులా వంగి ఉంటుంది కాబట్టి నీళ్ల మీద తేలుతూ కూడా గాలిని పట్టుకుంటుంది, ఒక పక్క తాడు లాగితే ఒరిగి లేస్తుంది. 1984 నవంబరులో పేటెంటు వేశారు. ఇక దుకాణం తెరవడమే అనుకుంటాం కదా? అప్పుడు విండ్‌సర్ఫింగ్ మంచి జోరు మీదుంది, ఆ కంపెనీలకి వేరే ఆట అక్కర్లేదు. వీళ్లు సొంతంగా విపికా అని పెట్టుకుని, ఈ నీటి కైటుని గట్టిగా అమ్మడం మొదలుపెట్టేసరికి 1997. పదమూడేళ్లు! మన దగ్గర పదమూడు నెలలు డిమాండు లేకపోతే ప్రాజెక్టు మూసేసి మనుషుల్ని బెంచి మీద కూర్చోబెడతారు.

1996లో హవాయిలోని మౌయిలో లేయర్డ్ హామిల్టన్, మాను బెర్టాన్ చేసి చూపించిన విన్యాసాలతో ఆటకి పేరొచ్చింది. రెండేళ్లలో అక్కడే పోటీలు మొదలయ్యాయి. పెద్ద కంపెనీలు లెగెన్యూల దగ్గర లైసెన్సు తీసుకున్నాయి.

ఇక్కడే అసలు ప్రమాదం మొదలైంది. అప్పటి కైటులన్నీ 'సి' అక్షరంలా గుండ్రంగా వంగి ఉండేవి. మొదట రెండు తాళ్లు. రెండు తాళ్లంటే పటం దిశ మార్చగలం కానీ దాని బలం తగ్గించలేం. ఇంజినీర్లం కాబట్టి చిన్న లెక్క వేద్దాం. గాలి లాగే బలం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. 15 నాట్ల గాలి (గంటకి సుమారు 28 కిలోమీటర్లు) హఠాత్తుగా 21 అయిందనుకోండి, పెరిగింది ఆరు నాట్లే, బలం మాత్రం దాదాపు రెట్టింపు. ఆ బలం నడుముకి కట్టుకున్న కొక్కేనికి తగిలి ఉంది. ఒడ్డున నిలబడి ఉండగా అలాంటి గాలి విసురు వస్తే మనిషిని ఎత్తి రాళ్లకో గోడకో కొడుతుంది. 2000 తర్వాతి మొదటి ఏళ్లలో ఇలా ప్రాణాలే పోయాయి, అదీ కొత్తవాళ్లవే కాదు, పోటీలకెళ్లే స్థాయి వాళ్లవి కూడా.

నాలుగు తాళ్లు మళ్లీ వచ్చాయి (పోకాక్ పంతులు నవ్వుకుని ఉంటాడు). రెండు ముందు అంచుకి, రెండు వెనక అంచుకి. బారుని దూరంగా నెడితే వెనక తాళ్లు వదులై, గాలికి ఎదురుగా ఉండే కోణం తగ్గి, బలం తగ్గుతుంది. కానీ సి కైటులో తాళ్లు రెండు కొసలకే కట్టి ఉంటాయి, మధ్య భాగానికి పట్టు లేదు. అందుకని బలం కొంతవరకే తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఒక్కో కైటు చాలా ఇరుకైన గాలి పరిధిలోనే పనిచేసేది. గాలి మారినప్పుడల్లా ఒడ్డుకొచ్చి పటం మార్చాలి, కారులో నాలుగైదు మోసుకెళ్లాలి. ఆల్‌రౌండ్ అన్న మాటకి చోటెక్కడిది?

2005లో దీనికి జవాబిచ్చింది మళ్లీ ఆ బ్రూనోయే. బో కైటు. సంక్రాంతికి గాలిపటానికి సూత్రం కట్టినవాళ్లకి ఇది ఒక్క ముక్కలో అర్థమవుతుంది. సూత్రం ముడి కాస్త పైకో కిందకో జరిపితే పటం ఎగరడమే మారిపోతుంది కదా, అదే సూత్రాన్ని ఈయన ముందు అంచు పొడుగునా కప్పీలతో కట్టాడు. పటాన్ని బాగా చదును చేశాడు, వెనక అంచుని లోపలికి వంచాడు. ఇప్పుడు బారు వదిలితే పటం మొత్తం తన కోణాన్ని దాదాపు సున్నాకి తెచ్చుకుని, లాగడం మానేసి ఊరికే నిలబడుతుంది. కాబ్రిన్హా కంపెనీ దీన్ని క్రాస్‌బో పేరుతో తెచ్చింది. ఇంకో తమాషా: 1984 పేటెంటుకి ఇరవై ఏళ్ల గడువు లెక్కేస్తే 2004కి అయిపోయినట్టు. సరిగ్గా అప్పుడే కొత్తది చేతిలో పెట్టుకుని వచ్చాడు. పేటెంటు లాయర్లు పాఠంగా చెప్పుకోవచ్చు.

పాత సి కైటు వీరులకి ఇది నచ్చలేదు. బారు బరువుగా ఉంది, నిదానంగా తిరుగుతోంది, కప్పీలు అరిగిపోతున్నాయి, ఇది ముసలాళ్ల కైటు అన్నారు. కొన్ని నిజమే. దాంతో సి కీ బో కీ మధ్యలో రకరకాల హైబ్రిడ్లు వచ్చాయి, కొసలు వెనక్కి వాలిన డెల్టా ఆకారం వచ్చింది. ఫ్రాన్స్‌కి చెందిన ఎఫ్-వన్ వాళ్ల బ్యాండిట్ ఈ దారిలో బాగా పేరు తెచ్చుకుంది. ఈరోజు షాపులో 'ఆల్‌రౌండ్' అని దొరికేవి ఎక్కువగా ఈ మధ్యరకం సంతానమే: మూడు అడ్డగొట్టాలు, మరీ పొడుగూ మరీ పొట్టీ కాని ఆకారం, నీళ్లలోంచి తేలిగ్గా లేవడం, బారు వదిలితే బలం పోవడం.

అందుకే "ఆల్‌రౌండ్ అంటే దేనిలోనూ గొప్పది కాదు" అని ఎవరైనా చప్పరిస్తే నాకు ఒళ్లు మండుతుంది. పోటీల లెక్కలో అది నిజం. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మొదటిసారి కైటు పోటీలు పెట్టినప్పుడు (మార్సెయిలో జరిగాయి) అందరి చేతుల్లో ఉన్నవి గాలి గొట్టాల కైటులు కాదు, జాల్బర్ట్ వారసత్వపు పారాఫాయిల్ రకం, కింద హైడ్రోఫాయిల్ బోర్డు. అవి వేగం కోసం పుట్టినవి. వారాంతానికి రెండు గంటలు దొరికే మనలాంటి వాళ్లకి అవెందుకు? మన లెక్కలో ఆల్‌రౌండ్ అంటే అనుకోని గాలి విసురు వచ్చినప్పుడు ప్రాణం దక్కే కైటు అని అర్థం.

ఇక కొనే సంగతి. 75 కిలోల మనిషికి 15 నుంచి 20 నాట్ల గాలికి 12 మీటర్లది మొదటి కైటుగా సరిపోతుంది. మీ ఒడ్డున మామూలుగానే 20 దాటుతుంటే 9తో మొదలెట్టండి. బే ఏరియాలో వేసవిలో లోయ వేడెక్కి సముద్రం మీది చల్లగాలిని లాక్కుంటుంది కాబట్టి, షెర్మన్ ఐలండ్ లాంటి చోట్ల 9 మీటర్లదే ఎక్కువగా బయటికొస్తుంది. సెకండ్ హ్యాండ్ తప్పేం కాదు, కానీ బో తరానికి ముందుది పొరపాటున కూడా వద్దు, ఎవరైనా ఊరికే ఇచ్చినా సరే. గట్టిగా గాలి కొట్టి, రెండు గంటలు అలా వదిలేసి, గొట్టం మెత్తబడిందేమో చూడండి. కప్పీలు, తాళ్ల పొడవులు, అన్నిటికంటే ముందు ప్రమాదంలో తెంచుకునే క్విక్ రిలీజ్, చేత్తో నాలుగుసార్లు లాగి చూడండి. ఒడ్డు నుంచి సముద్రంలోకి వీచే గాలిలో దిగొద్దు. పాఠాలకి పెట్టే డబ్బు కైటు బడ్జెట్‌లోంచి తీసినా పర్లేదు.

ఇండియాలో ఉన్నవాళ్లకి దగ్గర్లో నేర్పేది రామేశ్వరం దగ్గర. అక్కడ ఏ నెలలో ఏ సైజు వాడారో, వెళ్లొచ్చినవాళ్లెవరైనా ఉంటే కింద రాయండి. ఈసారి సెలవులకి వచ్చినప్పుడు బ్యాగులో 12 పెట్టుకోవాలా 9 పెట్టుకోవాలా అన్నది నాకింకా తేలలేదు.