నోటు వెనక చెల్లు

మా తాతది తెనాలి దగ్గర పల్లెలో వడ్డీ వ్యాపారం. కొత్త ప్రామిసరీ నోటు రాయించుకునే ముందు పాత నోటు తిరగేసి, వెనక రాసిన చెల్లుల, అంటే కట్టిన సొమ్ముల, తేదీలు చూసేవాడు. మూడేళ్ళు దాటితే నోటుకు కాలదోషం కనుక ఆలోపే చెల్లు వేయించేవాడు, లేదా తిరగరాయించేవాడు. వేళకు కట్టిన రైతుకు మరుసటి ఏడు వడ్డీ తగ్గేది. కౌలుదారుకు మాత్రం, ఎంత నిజాయితీపరుడైనా, హామీదారు లేనిదే అప్పు పుట్టేది కాదు. అది అన్యాయమే.

తాత నోటు వెనక చూసిన ఆ లెక్కను ఇప్పుడు క్రెడిట్ సమాచార సంస్థలు రాసిపెడుతున్నాయి. వాటిలో ఒకటైన సిబిల్ 2000లో ఏర్పడింది. ఇలాంటి సంస్థల కోసం 2005లో చట్టం వచ్చింది. సిబిల్ ఇచ్చే, 300 నుంచి 900 దాకా ఉండే స్కోరుకూ వాయిదాలు వేళకు కట్టడమే ముఖ్యం. క్రెడిట్ కార్డు పరిమితి అంచుదాకా వాడితే స్కోరు తగ్గుతుంది. నోటులో తప్పుంటే తాత అరుగు మీదే తేలేది. ఇప్పుడు క్రెడిట్ నివేదికలో తప్పును మనమే వెతకాలి. 2017 నుంచి ఏడాదికోసారి పూర్తి నివేదిక ఉచితం. తెప్పించుకోండి. తీర్చిన అప్పు బాకీగా కనబడితే వెంటనే ఫిర్యాదు చేయండి.