తరిగొండ వెంగమాంబ వాసిష్ఠ రామాయణం: భావన, అంతఃపరివర్తన

తరిగొండ వెంగమాంబను సాహిత్య చరిత్రలు ప్రధానంగా శ్రీవేంకటేశ్వరుని భక్తకవయిత్రిగా పరిచయం చేస్తాయి. వేంకటాచల మాహాత్మ్యం, తిరుమలలోని ముత్యాలహారతి ఆ కీర్తికి ఆధారాలు. ఆమె ద్విపదలో రచించిన వాసిష్ఠ రామాయణాన్ని మాత్రం ‘అనువాదం’ అన్న ఒక్కమాటతో దాటివేయడం పరిపాటి. మదనపల్లెకు చేరువలోని తరిగొండలో 18వ శతాబ్దిలో జన్మించి, బాల్యంలోనే వైధవ్యం పొందిన ఆమె యోగవాసిష్ఠాన్నే ఎందుకు ఎంచుకొన్నదన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

యోగవాసిష్ఠంలో కథ సిద్ధాంతానికి కేవలం ఉదాహరణ కాదు, అదే ఒక సాధన. జగత్తు మనస్సంకల్పమని చెప్పి వసిష్ఠుడు ఊరుకోడు. శ్రోతచేత మరొక జగత్తును భావింపజేస్తాడు. ఉత్పత్తి ప్రకరణంలో లీల అనే రాణి భర్త మృతదేహాన్ని పూలలో ఉంచి సరస్వతిని ప్రార్థిస్తుంది. ఆ మందిరంలోని ఆకాశంలోనే అతడు మరొక రాజ్యాన్ని ఏలుతుండడం చూస్తుంది. తాము ఏండ్లకొలది ఏలిన రాజ్యమేమో ఒక బ్రాహ్మణుని ఇంటిలో ఇమిడి ఉన్నది. ఆ బ్రాహ్మణుడు మరణించి ఎనిమిది దినాలే అయినది! ఈ కథ విన్నవారికి తాము కూర్చున్న గది మునుపటిలా ఉండదు. బంధించిన సంకల్పాన్ని మరొక సంకల్పంతోనే సడలించే పద్ధతి ఇది.

నిర్వాణ ప్రకరణంలోని చూడాల కథ ఇంతకంటె కీలకం. రాణి చూడాల భర్త శిఖిధ్వజునికంటె ముందే జ్ఞానం పొందుతుంది. స్త్రీ మాట కనుక అతడు లక్ష్యపెట్టడు. రాజ్యం విడిచి అడవికి పోతాడు. ఆమె కుంభుడనే బ్రాహ్మణ బాలకుని రూపంలో వెళ్లి బోధిస్తుంది. శిఖిధ్వజుడు కమండలం, జపమాల, కుటీరం అన్నిటినీ వదులుకొంటాడు. అయినా త్యాగం పూర్తి కాలేదని, విడువవలసినది చిత్తమని కుంభుడు చెబుతాడు.

వెంగమాంబ శిరోముండనాన్ని నిరాకరించినదని ఐతిహ్యం. మదనపల్లెకు చెందిన రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి ఆమెకు గురువని జీవితచరిత్రలు చెబుతాయి. బాహ్యచిహ్నాల త్యాగం వేరు, చిత్తత్యాగం వేరు అన్న వివేచన ఆమెకు కేవలం తత్త్వచర్చగా మిగిలి ఉండదని నా అభిప్రాయం. అయితే జీవితాన్నంతటినీ కావ్యంపై ఆరోపించడం తొందరపాటే. ఐతిహ్యం సాక్ష్యం కాదు.

బలమైన ఆధారం ఛందస్సులో ఉన్నది. మడికి సింగన 15వ శతాబ్దిలోనే ఈ గ్రంథాన్ని పద్యకావ్యంగా తెలుగుచేసినాడు. వెంగమాంబ ద్విపదను స్వీకరించినది. ద్విపద పాడదగినది, పాండిత్యం లేనివారు సైతం విని మనస్సులో నిలుపుకోదగినది. చదువు రాదని వేంకటాచల మాహాత్మ్య పీఠికలో వినయంగా చెప్పుకొన్న కవయిత్రి, తనవలె గురుకులానికి దూరమైన శ్రోతలను ఉద్దేశించినదనుకోవచ్చు. రాజయోగామృతసారాన్నీ ఆమె ద్విపదలోనే చెప్పడం గమనార్హం. సింగన పద్యాలను, వెంగమాంబ ద్విపదను ఉపాఖ్యానాల వారీగా ఎదురెదురుగా ఉంచి చదివినప్పుడే, ‘అనువాదం’ అన్న మాట ఆమె కృతికి ఎంతవరకు సరిపోతుందో తేలుతుంది.