కాశీయాత్ర చరిత్ర: తీరమార్గంలో నడిచినవారు

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్టణం నుండి బయలుదేరి, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశి చేరాడు. తిరుగు ప్రయాణంలో కలకత్తా, పూరీ జగన్నాథం చూసి, విశాఖపట్నం, రాజమహేంద్రవరం, నెల్లూరుల తీరమార్గాన 1831 సెప్టెంబరు 3న స్వస్థలం చేరుకున్నాడు. ఆయన రచన 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది.

మజిలీలు, వాటి మధ్య దూరాలు, నదులు, సత్రాలు, దారిలోని నేల స్వభావం వంటి వివరాలకు చరిత్రకారులు ఈ గ్రంథాన్ని ఆధారంగా గ్రహిస్తున్నారు. అయితే వీరాస్వామయ్య యాత్ర పల్లకీలో సాగింది. ఇసుకదారిలో, బురదనేలలో అడుగువేసినవారు బోయీలు. దారి కష్టసుఖాలను గూర్చి ఆయన రాసిన ప్రతి వాక్యానికీ వారి నడకే పునాది. తమ యాత్రను వారు రాసుకోలేదు. కావున ఈ గ్రంథాన్ని తీర్థయాత్రా చరిత్రకు ఆకరంగా స్వీకరించేటప్పుడు, మజిలీల మధ్య దూరాన్ని బోయీల శ్రమకు కొలతగా కూడా చదవడం అవసరం.