పట్టు వదిలే పెడల్

సైకిల్ పందేలు మొదలైన కాలం నుంచీ పాదాన్ని పెడల్‌కు బిగించే ప్రయత్నాలు సాగుతూనే ఉన్నాయి. పాదం జారితే వేగం పడిపోతుంది. పైగా ఆనాటి పందెపు సైకిళ్లలో చక్రం తిరిగినంతసేపూ పెడల్ కూడా తిరుగుతూనే ఉండేది, జారిన కాలి పిక్కకు దెబ్బ తప్పేది కాదు. బిగించడానికి ఉపాయం త్వరగానే దొరికింది. బిగిసిన పాదం అవసరమైన క్షణంలో ఊడివచ్చే మార్గం కుదరడానికే దాదాపు వందేళ్లు పట్టింది.

మొదట వచ్చింది టోక్లిప్. బూటు మొన దూరేలా పెడల్ ముందు వంపు తిరిగిన ఉక్కు చట్రం, పాదం మీదుగా బిగించే తోలు పట్టీ, దానికో బకిల్. తర్వాత పందెగాళ్లు బూటు అడుగున క్లీట్ కొట్టించుకోవడం మొదలుపెట్టారు. క్లీట్ అంటే గాడి ఉన్న చిన్న ముక్క. ఆ గాడి పెడల్ వెనక రేకు మీద కూర్చుంటుంది. దాన్ని ఎక్కడ కొట్టాలో తెలియడానికి కొత్త బూట్లతో కొంతదూరం తొక్కేవారు. తోలు అడుగుపై పెడల్ ఒత్తుకుపోయిన గుర్తు పడేది, మేకులు అక్కడే దిగేవి. ఎవరి పాదం తీరుకు తగ్గ కొలత వారికి దొరికే చక్కటి పద్ధతి అది. అయితే పట్టీ బిగించాక కాలు రాదు. ఆగేముందు చెయ్యి కిందికి చాచి బకిల్ సడలించాలి. ఆ వ్యవధి లేకుండా పడితే మనిషి సైకిల్‌తో సహా పడాల్సిందే.

పట్టీ అక్కర్లేని పెడల్ ఆలోచన కూడా పాతదే. 1895లోనే అమెరికాలో ఛార్లెస్ హాన్సన్ పాదం తిప్పితే పట్టుకునే, తిప్పితే వదిలే పెడల్ రూపొందించాడు. అది వాడుకలో నిలవలేదు. 1970ల మొదట్లో ఇటలీకి చెందిన చినెల్లి ఎం71 వచ్చింది. అది పాదాన్ని గట్టిగానే పట్టుకునేది, కానీ విడిపించాలంటే వంగి చేత్తో మీట కదపాలి. అసలు చిక్కు అలాగే మిగిలింది.

పరిష్కారం మంచు కొండల మీద నుంచి వచ్చింది. ఫ్రాన్స్‌లోని నెవేర్ పట్టణానికి చెందిన లుక్ సంస్థ స్కీయింగ్ బూట్లను పలకలకు పట్టి ఉంచే బిగింపులు తయారుచేసేది. స్కీయర్ పడినప్పుడు బూటు విడిపోకపోతే కాలు విరుగుతుంది. కాబట్టి సమయానికి వదలడమే ఆ వృత్తిలో ప్రధాన విద్య. వ్యాపారవేత్త బెర్నార్ తపీ ఆ సంస్థను కొన్నాక, 1984లో అదే సూత్రంతో పెడల్ బయటికి వచ్చింది. మూడు మరలతో బిగించే ప్లాస్టిక్ క్లీట్ మొనను పెడల్‌లోకి జొనిపి తొక్కితే వెనక స్ప్రింగ్ టక్కున పట్టేస్తుంది. మడమను బయటికి తిప్పితే వదులుతుంది. చేతితో పనిలేదు. తపీ జట్టు లా వీ క్లెయిర్‌లో ఉన్న బెర్నార్ ఇనో 1985లో ఈ పెడళ్లతోనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. తోటి పందెగాళ్ల సందేహాలు తీరడానికి అంతకన్నా గట్టి రుజువు అక్కర్లేకపోయింది.

తొలి క్లీట్లు పాదాన్ని అటూఇటూ కదలనిచ్చేవి కావు. కొంచెం వంకరగా బిగిస్తే ఆ భారమంతా మోకాలిపై పడేది. 1987లో వచ్చిన టైమ్ పెడల్ పాదం కాస్త తిరగడానికి వీలిచ్చింది. ఇప్పుడు ఎన్ని డిగ్రీలు కదలాలో క్లీట్ రంగును బట్టి ఎంచుకోవచ్చు. 1990లో షిమానో సంస్థ ఎస్‌పీడీ పెడల్‌తో క్లీట్ చిన్న లోహపు ముక్కగా మారి బూటు అడుగులోని గుంటలో ఒదిగింది. దిగి నడవడం సాధ్యమయ్యేసరికి కొండదారుల్లో తిరిగేవారు, దూరప్రయాణికులు కూడా వీటిని అందుకున్నారు.

నేర్చుకునే క్రమం కూడా దీంతో మారింది. పాతతరం చేతికి అలవాటు చేసిన పనిని కొత్తవారు మడమకు అలవాటు చేయాలి. ఆగబోతున్నప్పుడు పాదాన్ని తిన్నగా పైకెత్తడం అందరికీ సహజం. క్లీట్ అలా రాదు, కదలకుండా నిలిచిన సైకిల్ పక్కకు ఒరిగిపోతుంది. అందుకే పెడల్ మీది చిన్న మరతో స్ప్రింగ్ సడలించి, గోడ పట్టుకుని నిలబడి, ఒక్కో మడమను తిప్పి విడిపించడం ముందుగా సాధన చేస్తారు. రోడ్డుమీద సైకిల్ పూర్తిగా ఆగకముందే ఒక కాలు విడిపించి, దించబోయే ఆ కాలి వైపే ఒరుగుతారు. ఒక్క పక్కకే కాక పలు దిక్కులకు విడిపోయే క్లీట్‌ను షిమానో ప్రత్యేకంగా తయారుచేస్తోంది. కొత్తవారికి అది మేలు.

టోక్లిప్, తోలు పట్టీ ఇప్పటికీ చెలామణిలో ఉన్న పెద్ద పందెం జపాన్ కెయిరిన్. 1948లో మొదలైన ఈ పందెంలో ఏ విడిభాగాలు వాడాలో నిబంధనలే నిర్ణయిస్తాయి. బయలుదేరే గీత దగ్గర సైకిల్‌ను యంత్రం పట్టి ఉంచుతుంది, ముగిసేదాకా మధ్యలో ఆగే పనే ఉండదు.